చారి చూసిన సినిమా వేరు

సికింద్రాబాద్ క్లాక్‌టవర్ నుంచి ప్యాట్నీ వైపు వెళ్లే దారిలో ఒక పాత కళ్లద్దాల దుకాణం ఉంది. అందులో ఫ్రేములు బిగించే పని బ్రహ్మచారిది. పేరు అలా ఉంది గాని ఆయనకు పెళ్లయి పాతికేళ్లు దాటింది. భార్య కల్పలత, కాపురం మల్కాజ్‌గిరిలో. ఉన్న ఒక్క కూతురూ పెళ్లయి వరంగల్‌లో ఉంటోంది. దుకాణంలో అందరికీ ఆయన చారి. మనిషి నెమ్మది. ఎవరి ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో చేత్తో తాకి చెప్పేవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

కల్పలతకు సినిమాల పిచ్చి. ఏ భాషదైనా, ఏ రకమైనా, ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ వెళ్లాల్సిందే. అందుకే సోమవారం పొద్దున దుకాణం తెరిచి, చాయ్ వచ్చేసరికి యజమాని రామకృష్ణ అడిగే మొదటి మాట ఒకటే ఉండేది.

"ఏవండీ చారిగారూ, నిన్నటి సినిమా ఎలా ఉంది?"

రామకృష్ణ వాళ్లది ఏలూరు దగ్గర. తండ్రి కాలంలోనే ఇక్కడికొచ్చి వ్యాపారం పెట్టారు. ఆయన సినిమాలు పెద్దగా చూడడు. చారి చెబుతుంటే వినడమే ఆయనకు సరదా.

"మంచిగనే ఉంది సార్. కానీ ఆ పోలీసాయన్ని ఇంటర్వెల్ కంటే ముందే తీసేసిండ్రు" అన్నాడు చారి ఒక సోమవారం. "మీసాలాయన. మంచిగ చేసిండు పాపం. ఆయన పోయినంక ఎవడో మీసం లేనోడు వచ్చిండు. రౌడీల దగ్గర పనికి కుదిరిండు. చీకటి పడితే చాలు, వాడు గోడ దూకి ఆ పోలీసాయన ఇంటికే పోతడు. ఆయన భార్య వానికి అన్నం పెడ్తది. పిల్ల వాని మెడ పట్టుకొని వేలాడ్తది. ఎవ్వరూ ఏమనరు. ఇంతకీ ఆ పోలీసాయన ఏమైండో ఆఖరిదాంక చెప్పలేదు. గట్ల వదిలేస్తే ఎట్ల సార్?"

రామకృష్ణకు నవ్వీ నవ్వీ పొలమారింది. కంటి పరీక్ష గదిలోంచి అక్సా కూడా బయటికొచ్చి నవ్వింది. అక్సా అక్కడ చేరి ఏడాది దాటింది. కళ్లు పరీక్షించే డిప్లొమా చదివిన అమ్మాయి. ఇంత గంభీరంగా మొహం పెట్టి సినిమాను ఏకిపారేసే మనిషిని ఆమె చూడలేదు. చారి మాత్రం వాళ్లు సినిమాను చూసి నవ్వుతున్నారనుకున్నాడు. అంత పెద్ద తప్పు చేసిన సినిమాను చూసి ఎవరు మాత్రం నవ్వరు?

దయ్యం సినిమా చూసొచ్చినప్పుడు ఆయన మెచ్చుకున్నాడు.

"దయ్యం మాత్రం సాఫ్ ఉంది. జుట్టు ఇరబోసుకొని, కండ్లు తెల్లగ. వస్తే వచ్చిందని తెలుస్తది. నాకు ఆ ఇంటి కోడలే సమజ్ కాలేదు. దయ్యం వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్ల ఉండదు. ఎటు పోతదో ఎవరూ అడగరు. కనీసం అత్తన్న అడగాల్నా లేదా?"

కాలేజీ ప్రేమకథ చూసి వచ్చి ఇంకో మాట అన్నాడు. అందులో నలుగురు పోరగాళ్లు ఉన్నారట, అందరికీ ఒకే తీరు గడ్డం. ఆ పిల్ల నలుగురినీ ఇష్టపడింది. నలుగురూ దోస్తులే, ఒక్కడు సుత కొట్లాడలేదు. "ఈ కాలం పిల్లలు మనలెక్క కాదు సార్, దిల్ పెద్దది" అన్నాడు.

దేవుళ్ల సినిమా అంటే ఆయనకు పండగ. నీలం రంగు ఒళ్లున్నవాడు నీలంగానే ఉంటాడు. పది తలలున్నవాడికి చివరిదాకా పది తలలే. ఎవరు ఎవరో మూడు గంటల్లో ఒక్కసారి కూడా అనుమానం రాదు. పిల్లల కోసం తీసిన ఏనుగు బొమ్మల సినిమాకు మనవరాలిని తీసుకెళ్లి తనే ఏడ్చి వచ్చాడు. ఆ సోమవారం ఏనుగు కథ చెబుతూ మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు, ఎందుకో చారికి అర్థం కాలేదు.

దుకాణం బయట చారికి ఇంకో పేరు ఉంది. పొగరుబోతు అని. వాడకట్టులో ఎదురుపడ్డవాళ్లను పలకరించడు, పెళ్లిళ్లలో చుట్టాల పక్కనుంచే నడిచి వెళ్లిపోతాడు. దుకాణంలో నిన్న వచ్చి కొలతలిచ్చిన మనిషి ఇవాళ వస్తే, "రసీదు ఉందా?" అని కొత్తవాళ్లను అడిగినట్టే అడుగుతాడు. ఒకసారి సైనిక్‌పురి నుంచి రామకృష్ణ తల్లి లీలాకుమారి వచ్చింది. కొడుకు బయటికి వెళ్లాడు. చారి ఆమెను కూడా "రసీదు ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆ ముందు వారమే ఆయన ఆవిడ ఇంట్లో భోజనం చేసి వచ్చాడు. ఆమె రుసరుసలాడుతూ కొడుకుతో చెప్పింది. రామకృష్ణ అడిగితే చారి తల గోక్కున్నాడు.

"అమ్మ ఆరోజు పట్టుచీర కట్టుకున్నరు సార్. ఈరోజు వేరే చీర."

అదేం జవాబో రామకృష్ణకు అర్థం కాలేదు. పరధ్యానం మనిషిలే అని వదిలేశాడు.

ఈ మధ్య ఒక మర్డర్ సినిమా వచ్చింది. ఇంటర్వెల్ దగ్గర వచ్చే మలుపు ఎవరికీ చెప్పొద్దని ఊరంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. కల్పలత వారం రోజులు ఎవరి మాటా చెవిన పడకుండా చూసుకుంది. ఆదివారం హాలు నిండిపోయింది. సరిగ్గా ఇంటర్వెల్ ముందు, హంతకుడు వర్షంలో తల మీది ముసుగు తీశాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తర్వాత ఈలలు. కల్పలత గుండె మీద చెయ్యి వేసుకుంది.

చారి చుట్టూ చూశాడు. "ఏమైంది?" అన్నాడు.

"చూస్తలేవా? వాడే గద."

"ఎవడు?"

"హీరోనే. అంటే హీరో కాదు, హీరో లెక్కనే ఉన్నోడు. కవల."

"ఒక్క లెక్కనే ఉన్నరని నీకెట్ల తెలిసింది?"

కల్పలత ఆయన వైపు తిరిగింది. "నీ తోని సినిమాకొస్తే గిట్లనే" అని లేచి పాప్‌కార్న్ కోసం వెళ్లిపోయింది. ఆమె పరాచికమనుకుంది. చారికి మాత్రం ఆ ప్రశ్న లోపల ఇరుక్కుపోయింది. మూడు వందల మంది ఒకే క్షణంలో ఒకటే సంగతి ఎలా కనిపెట్టారు? ఎవరూ చెప్పలేదు. తెర మీద రాయలేదు. తాను కళ్లు మూసుకోలేదు. కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాడు కాబట్టి తన కళ్లు ఎలా ఉన్నాయో ఆయనకు తెలుసు. దూరం, దగ్గర, రెండూ బాగానే ఉన్నాయి.

మర్నాడు రామకృష్ణ మామూలుగానే అడిగాడు. చారి "తర్వాత చెప్త సార్" అన్నాడు. చాయ్ తాగి, అక్సా ఒక్కతే ఉన్నప్పుడు కంటి పరీక్ష గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బేటా, జెర ఒకటి చెప్తవా? తెర మీద ఇద్దరు మనుషులు నిలబడితే, ఇద్దరూ ఒక్క తీరు ఉన్నరని మీకు ఎట్ల తెలుస్తది?"

"అంటే? మొహం చూస్తే తెలుస్తది గదా అంకుల్."

"మొహంల ఏం చూస్తరు?"

అక్సా నవ్వబోయి ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు. స్కూల్లో పాఠం అర్థంకాని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"అంకుల్, మొన్న శుక్రవారం ప్యారడైజ్ మెట్రో మెట్ల మీద నేను మీకు సలాం చేసిన. మీరు పక్కనుంచే పోయిండ్రు. నాకు మస్తు తక్లీఫ్ అయింది. నన్ను చూడలేదా?"

"ఎవరో పిల్ల చెయ్యెత్తింది. వెనక వాళ్లకేమో అనుకున్న. నువ్వు తెల్లకోటు వేసుకోలేదా ఆరోజు?"

అక్సా ఫోను తీసింది. కాసేపు ఏవేవో ఫొటోలు వెతికి, ఒక్కొక్కటీ పెద్దది చేసి, జుట్టూ బట్టలూ కనిపించకుండా మొహం వరకే ఉంచి చూపించింది.

"ఈయన ఎవరు?"

"తెల్వదు."

అది రామకృష్ణ, కళ్లద్దాలు లేకుండా. అక్సా పేరు చెప్పలేదు. ఇంకోటి చూపించింది. "ఈమె?"

చారి కళ్లు చిట్లించి చూశాడు. "ఎవరో పెద్దామె. చిన్నగ నవ్వుతున్నది."

అది కల్పలత. మనవరాలి పుట్టినరోజు ఫొటో, చారే స్వయంగా అందరికీ పంపింది. అక్సా ఆ ఫొటోను గబుక్కున పక్కకు జరిపింది. మూడోది చూపించింది.

"ఈయన తెల్వదు గానీ, ముక్కు ఒక పక్కకు ఒరిగింది. ఫ్రేము ఎడమకు జారుతది. ఎడమ వైపు ప్యాడ్ కొంచెం లోపలికి నొక్కాలె" అన్నాడు చారి.

"అంకుల్, అది మీరే."

చారి ఫోను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. తర్వాత తన ముక్కు మీద వేలు పెట్టి తడుముకున్నాడు. ఎడమ వైపుకే ఒరిగి ఉంది.

అక్సాకు తన చదువులో ఎక్కడో ఒక పేజీలో ఇలాంటిది ఉందని గుర్తు. అంతకు మించి తెలియదు. బేగంపేటలో నరాల డాక్టరు ప్రిసిల్లా దగ్గరికి తనే వెంట తీసుకెళ్లింది. డాక్టరు ఇంకా చాలా ఫొటోలు చూపించింది, పేర్లు అడిగింది, తలకు స్కానింగ్ చేయించింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలి చెప్పింది.

"మీ కళ్లు బాగున్నాయి. జ్ఞాపకశక్తి బాగుంది. మొహాల్ని గుర్తుపట్టే పని ఒక్కటే మీ మెదడు చేయడం లేదు. దెబ్బ వల్ల వచ్చింది కాదు. పుట్టినప్పటి నుంచీ ఇంతే అయ్యుంటుంది. దీనికి మందు లేదు. ఇంకా పెరగదు కూడా."

"అద్దంల నేను కనిపిస్త గద డాక్టరమ్మా? షేవింగ్ చేసుకుంట రోజూ."

"ఆ అద్దంలో ఉన్నది మీరేనని ఎలా తెలుస్తుంది?"

చారి ఆలోచించాడు. "మా ఇంటి బాత్రూంల ఇంకెవరుంటరు?"

డాక్టరు నవ్వలేదు. "ఇన్నేళ్లూ ఇబ్బంది అనిపించలేదా?" అని అడిగింది.

"అందరికీ ఇట్లనే ఉంటదనుకున్న. కొందరు లెక్కల్ల హుషారుంటరు, కొందరు మనుషుల్ని యాది పెట్టుకొనుట్ల హుషారుంటరు. నేను జెర మొద్దు అనుకున్న."

బేగంపేట మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆయన వచ్చేపోయేవాళ్లను చూశాడు. ఆఫీసులు వదిలే వేళ. ఎన్నో మొహాలు. కళ్లు, ముక్కు, నోరు, అన్నీ ఉన్నాయి, అన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. వీళ్లందరూ ఒకరి మొహంలో ఒకరు ఇంకేదో చూస్తున్నారట. అదేమిటో ఎంత ఊహించినా అందలేదు. అక్సాను అడిగాడు. "కండ్లు... కాదు, అన్నీ కలిపి" అంది ఆమె. రైలొచ్చింది.

ఇంటికొచ్చి కల్పలతకు చెప్పాడు. ఆమె కూర కోస్తూ విన్నది. మొదట నమ్మలేదు. తర్వాత కత్తిపీట పక్కకు జరిపింది.

"అంటే నా మొహం నీకు తెల్వదా?"

"ఇప్పుడు కనిపిస్తున్నది. నువ్వు పక్క గదిలకు పోతే మళ్ల యాదికి రాదు."

"ఇన్నేండ్ల సంది?"

"గొంతు తెలుసు. నడక తెలుసు. గాజుల చప్పుడు తెలుసు. మెట్ల మీద నీ అడుగు వినంగనే లేచి తలుపు తీస్త."

 కల్పలత మనసు ఎక్కడికో వెళ్లింది. కూతురు పుట్టాక అయిదో నెలలో జనగామలో పుట్టింటి నుంచి తిరిగొచ్చిన రోజు అది. బిడ్డ గండం గట్టెక్కితే తలనీలాలిస్తానని మొక్కుకుంది. దారిలో యాదగిరిగుట్టలో దిగి గుండు చేయించుకుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో తమ్ముడు సామాన్లు దించుతున్నాడు, ఆమె బిడ్డను ఎత్తుకొని నిలబడింది. చారి వాళ్ల కోసమే వచ్చాడు. ఆమె ముందు నుంచి నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి, ఆమె మొహంలోకి చూసి, మళ్లీ వెళ్లిపోయాడు. చివరికి ఆమే పిలిచింది. గుండు చూసి సిగ్గుపడ్డాడనుకుంది. పుట్టింటివాళ్లకు చెప్పలేదు, ఆయన్నీ అడగలేదు. ఆ తర్వాత ఎన్ని ఆపదలొచ్చినా జుట్టు మాత్రం మొక్కుకోలేదు.

ఆ సంగతి ఇప్పుడు చెప్పింది.

"నువ్వు పిలిచేదాంక నువ్వే అని నాకు తెల్వలే" అన్నాడు చారి. "జడ కోసం వెతుకుతున్న."

కల్పలత లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన మీద కోపం పెట్టుకోవడానికి ఇప్పుడు కారణం లేదు. అయినా అన్నేళ్లు మోసిన కోపం ఒక్క సాయంత్రంలో దించి ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. ఆ ఆదివారం సినిమాకు వెళ్లలేదు. పక్కింటి అనసూయమ్మ వచ్చి, ఈ వారం పోలేదేందని అడిగితే తలనొప్పి అని చెప్పింది.

కొన్నాళ్లకు తనే మాట కలిపింది. బట్టలు మడత పెడుతూ తల ఎత్తకుండా అడిగింది.

"పెళ్లిచూపులల్ల పిల్ల నచ్చిందన్నవు గద. ఏం చూసి నచ్చింది?"

"చూసుడు ఏముంది? నువ్వు లోపల్కెల్లి మీ అమ్మతోని అన్నవు, 'చాయ్‌ల చక్కెర ఎక్కువైంది, వాళ్లకు చెప్పకు' అని. గుసగుస అనుకున్నవు గానీ హాల్లదాంక వినిపించింది. నాకు ఆ గొంతు నచ్చింది."

కల్పలతకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గాని ఆగలేదు.

అప్పుడు మొదలైంది చారి పరేషాన్. ఇన్నేళ్లుగా తాను చూసిన సినిమాలు అసలు ఏమిటి? ఒక్కొక్కటీ గుర్తు చేసుకొని ఆమెను అడగడం షురూ చేశాడు. పొద్దున బ్రష్ చేసుకుంటూ, బస్టాపులో నిలబడి, అన్నం తింటూ.

"ఆ పోలీసాయన ఏమైండు?"

"ఏం కాలేదు. మీసం తీసి రౌడీలల్ల కలిసిండు. ఆయనే ఈయన."

"అంటే వాడు గోడ దూకి తన ఇంటికే పోయిండా?"

"మరి?"

"తన పెండ్లామే అన్నం పెట్టిందా?"

"అవునయ్యా."

చారి ముద్ద చేతిలో పట్టుకొని కూర్చుండిపోయాడు. "గంతేనా?" అన్నాడు.

దయ్యం సినిమాలో కోడలికే దయ్యం పట్టిందని విన్నాక ఆయన అత్తగారిని క్షమించాడు. కాలేజీ కథలో పోరగాళ్లు నలుగురు కాదనీ, ఉన్నది ఇద్దరేననీ, వాళ్లు కూడా ఆ పిల్ల కోసం తలలు పగలగొట్టుకున్నారనీ తెలిసి దిగులుపడ్డాడు. తాను చూసినదే బాగుంది కదా అనిపించింది. ఆ మాట అనొచ్చో అనకూడదో తెలియలేదు. తప్పు చూపు నుంచి పుట్టిన కథ కదా, దాన్ని ఇష్టపడితే బాగుంటుందా?

దుకాణంలో కూడా మార్పు వచ్చింది. సంగతి తెలిశాక రామకృష్ణ బాగా నొచ్చుకున్నాడు. సోమవారాలు సినిమా గురించి అడగడం మానేశాడు. అన్నాళ్లూ మనిషి లోపాన్ని చూసి నవ్వానన్న బాధ ఆయనది. చారికి ఆ మౌనమే ఎక్కువ తక్లీఫ్ అయింది. తన మాటలకు వాళ్లు నవ్వినప్పుడు ఆయనకు బాగుండేది. ఆ నవ్వు ఇప్పుడెందుకు తప్పయిందో, ఎవరి తప్పయిందో ఆయనకు అంతుపట్టలేదు. లీలాకుమారి మాత్రం దుకాణం మెట్లెక్కుతూనే, "నేను నాయనా, లీలాకుమారిని, రామకృష్ణ వాళ్లమ్మని" అని రోడ్డు మీదివాళ్లకు వినపడేలా చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నంతసేపూ రెండుమూడు సార్లు చెప్పేది.

మళ్లీ సినిమాకు వెళ్లినప్పుడు కల్పలత ఒక ఉపాయం చేసింది. తెర మీద ఎవరు వచ్చినా చెవిలో చెప్పడం. "వీడు ఇందాకటోడే. ఈమె వాని చెల్లె. గీయన లాయరు, కోటు తీసిండు గంతే." అరగంట కాకముందే వెనక సీటులోంచి ఎవరో, "ఆంటీ, కామెంటరీ జెర ఆపుతరా" అన్నారు. చారికీ అలాగే అనిపించింది. ఆమె గొంతు వింటూ ఉంటే పాట వినపడలేదు, తెర మీదివాళ్ల మాటలు వినపడలేదు. అంతా అర్థమైంది. అర్థమైనంత మేరా సినిమా చప్పగా ఉంది.

"నన్ను నా తీరుగనే చూడనియ్యి" అన్నాడు బయటికొచ్చాక.

"మరి సమజ్ ఎట్ల అయితది?"

"కాకపోతే మానె."

ఆ తర్వాతి నెలలో ఒక సైన్సు సినిమా వచ్చింది. కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే కథ అని చెప్పుకున్నారు. హాలు కిటకిటలాడింది. ఇంటర్వెల్‌లో కల్పలత వాష్‌రూంకు వెళ్లింది. చారి సమోసాలు తీసుకొని స్తంభం దగ్గర నిలబడతానన్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, చేతిలో రెండు పొట్లాలు. జనం మధ్యలో ఆమె ఆగింది. పది అడుగుల దూరం కూడా లేదు. పిలవబోయి, ఎందుకో పిలవలేదు. ఒక్కసారి చూద్దామనిపించింది.

ఆ రోజు ఆమెది ఆకుపచ్చ చీర. అక్కడ ఆకుపచ్చవి ఇంకా కొన్ని ఉన్నాయి. చారి ఆమె వైపు చూశాడు. చూపు ఆమె మొహం మీద నిలిచింది, దాటిపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఇంకొకావిడ వైపు రెండడుగులు వేశాడు. ఆవిడ ఎవరితోనో మాట్లాడుతుంటే తల వంచి విన్నాడు, గొంతు కాదని తెలిసి వెనక్కి వచ్చాడు. స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. ఆయన మొహంలో కంగారు లేదు. ఎప్పుడో ఒకప్పుడు తనను ఎవరో వచ్చి పిలుస్తారని తెలిసిన మనిషిలా, ఓపిగ్గా, ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. స్టేషన్‌లో బిడ్డను ఎత్తుకొని చూసిందీ దాన్నే. అప్పుడు దానికి సిగ్గు అని పేరు పెట్టుకుంది.

"ఏమయ్యా" అంది.

చారి ఠక్కున అటు తిరిగాడు. అంత జనంలో ఒక్క మాటకు సూటిగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఎంతసేపు? సమోసాలు చల్లారినయి."

"ఇక్కడనే ఉన్న. నువ్వు గుర్తుపడ్తవో లేదో చూద్దామని ఊకెనే నిలబడ్డ."

"గుర్తుపట్టిన్నా?"

"లే."

"మరి నన్నడిగితే నేనే చెప్తుంటి గద" అన్నాడు, ఒక పొట్లం ఆమెకిస్తూ.

లోపలికి వెళ్లేసరికి రెండో సగం మొదలైంది. తెర మీద ఒక ముసలాయన ఉన్నాడు, ఒక పడుచువాడు ఉన్నాడు, ఒక పిల్లవాడు ఉన్నాడు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఒకే గడియారం వైపు చూస్తున్నారు. ముసలాయన పిల్లవాడికి ఏదో చెబితే పడుచువాడి చెయ్యి విరిగింది. తర్వాత ముగ్గురూ లేరు. తర్వాత ఇల్లు కూడా లేదు. కల్పలత కాసేపు వేళ్లు మడిచి ఏదో లెక్క పెట్టింది. ఆ లెక్క తప్పి మళ్లీ పెట్టింది. చివర్లో పిల్లవాడు ముసలాయనకు తలకొరివి పెట్టాడు, కొరివి పెట్టినవాడే కట్టెల మీద లేచి కూర్చున్నాడు. పేర్లు పడ్డాయి. హాల్లో ఎవరూ ఈల వేయలేదు. లైట్లు వెలిగినా చాలామంది సీట్లలోనే ఉన్నారు.

మెట్లు దిగుతూ చారి నెమ్మదిగా అడిగాడు. "ఆ ముగ్గురు ఎవరు?"

"ఒక్కడేనేమో" అంది కల్పలత. కాస్త ఆగి, "కాదు, ఇద్దరు. ముసలాయన వేరే" అంది. ఇంకో నాలుగు మెట్లు దిగి, "నాకు తెల్వదు" అంది.

చారి నిలబడిపోయాడు. వెనకవాళ్లు తోసుకుంటూ దాటి వెళ్లారు.

"నీకు సుత సమజ్ కాలేదా?"

"లే."

"మొహాలు కనిపించినయి గద?"

"కనిపించినయి. అయినా కాలేదు."

ఆమె తన మీద జాలితో అలా అంటోందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. పక్కన కళ్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్రాడు దోస్తుతో వాదిస్తున్నాడు. చారి వాడి భుజం తట్టాడు. "బాబూ, మీకు సమజ్ అయిందా?"

"లేదంకుల్. మళ్లీ చూడాలి. వీడికి కూడా కాలేదు, అయినట్టు యాక్టింగ్ చేస్తున్నాడు."

చారి ఇంకొకరిని అడిగాడు. గేటు దగ్గర ఇంకొకావిడను అడిగాడు. ఎవరికీ కాలేదు. ఇంతమంది, అన్నీ కనిపించేవాళ్లు, తాను రోజూ నిలబడే చోటికి వచ్చి నిలబడ్డారు. ఆయనకు సంతోషపడాలో, వాళ్ల కోసం బాధపడాలో తెలియలేదు. డాక్టరమ్మ చెప్పిన జబ్బుకూ దీనికీ తేడా ఏమిటో కూడా ఆ నిమిషంలో బోధపడలేదు.

ఆటోలో మెట్టుగూడ దాకా వచ్చారు. అక్కడ ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. చారి గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు అనిపించింది. పెద్దోడు, నడిమోడు, చిన్నోడు. తండ్రి పోయిండు. ఆ గడియారం తండ్రిది. ఎవరికి రావాల్నో వాళ్లకు తెల్వదు. అందుకే ముగ్గురూ దాని దిక్కే చూస్తున్నరు."

కల్పలత ఆయన వైపు చూసింది. ఆ లెక్కన ముసలాయన ఏడ్చినచోటు కుదిరింది. పిల్లవాడు ఇల్లు వదిలి పరిగెత్తినచోటూ కుదిరింది.

"మరి చెయ్యి ఎందుకు విరిగింది?" అని అడిగింది.

"అది నడిమోని తప్పు. ఆగు, మొదటిసంది చెప్త."

ఆటో కదిలింది. ఆమె ఆయన వైపు కొంచెం జరిగి కూర్చుంది, ఇంజను మోతలో మాట వినపడడానికి.